మెదడులో రక్తస్రావము – దానిని పటముచే గుర్తించు విధము

సేత్తూరులో ఒక వృద్ధునికి హఠాత్తుగా మూతి వంకరపోయి, కుడిచేయి పడిపోయినచో ఇంటివారు దానిని పక్షవాతమందురు. పేరొకటే గాని వ్యాధులు రెండు. మెదడునకు రక్తము తెచ్చు నాళము గడ్డచే మూసికొనిపోవుట ఒకటి. నాళము చిట్లి రక్తము మెదడులోనికి దిగుట రెండవది. మొదటిదానికి గడ్డను కరగించు మందు ఈయవలెను. ఆ మందే రెండవదానికి ప్రాణాంతకము. తలనొప్పి, వాంతి, రక్తపుపోటు చూచి ఊహింపవచ్చును గాని, నిశ్చయించుట ఎంతటి వైద్యునికిని సాధ్యము కాదు.

1895లో రాంట్‌గెన్ కనుగొనిన ఎక్స్‌రే పుఱ్ఱెను చూపెనే గాని లోని మెదడును చూపలేదు. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెడ ధమనిలోనికి మందెక్కించి మెదడు నాళములను చిత్రించెను. అప్పటికిని కారిన రక్తము కానరాలేదు. 1971 అక్టోబరు 1న లండనులో హౌన్స్‌ఫీల్డు యంత్రము ఒక రోగి తలను చిత్రించుటతో ఆ లోటు తీరెను. ఆయన వైద్యుడు కాడు, ఇంజనీరు. 1979లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతిని కార్మాక్‌తో కలిసి పొందెను.

ఈ సి.టి. స్కానులో ఎక్స్‌రే గొట్టము తలచుట్టును తిరుగును. ఏ దిక్కున ఎంత కిరణము లోపల ఇంకిపోయెనో కంప్యూటరు లెక్కకట్టి, తలను పొరలు పొరలుగా చూపును. నీటికి 0, గాలికి –1000, మెదడునకు సుమారు 20 మొదలు 40, గడ్డకట్టిన క్రొత్త రక్తమునకు 60 మొదలు 80 అని అంకెలు. కావుననే బూడిదరంగు మెదడులో రక్తము తెల్లగా మెఱయును. రక్తములోని ఇనుమే దీనికి కారణమని తలచువారు కలరు. అది పొరపాటు, ప్రోటీను సాంద్రతయే కారణము. పుఱ్ఱెకును పైపొరకును నడుమ చేరిన రక్తము కటకమువలె ఉబ్బియుండును. పొర క్రిందిది నెలవంకవలె వ్యాపించును. ఇట్టి పటములను చదువు విద్యయే రేడియాలజీ. హైదరాబాదు నిమ్స్‌కు సంచాలకులుగా నుండిన డాక్టరు కాకర్ల సుబ్బారావు (1925–2021) అందు నిష్ణాతులు.

తెలుపు చిరకాలము నిలువదు. ఒకటి మొదలు మూడు వారములలో మెదడు రంగులో కలిసిపోవును. మఱియు, తొలి గంటలలో పటమున ఏమియు కానరాకున్నచో పక్షవాతము లేదని అర్థము కాదు. రక్తస్రావము లేదనియే అర్థము; గడ్డ ఉండవచ్చును.

పావురపు నెత్తురు పూయుదమనువారికంటె, ఆస్పిరిన్ మింగింతమను చదువరులే ఇచ్చట ఎక్కువ అపాయకరులు. గడ్డను కరగించు మందునకు సాధారణముగా 4½ గంటలే గడువు. సేత్తూరునుండి మదురై రాజాజీ ఆసుపత్రి సుమారు వంద కిలోమీటర్లు. దారిలోనే 108కు చెప్పి, స్కాను దగ్గర ఎచ్చట నున్నదో అడుగవలెను. రోగి బాగుగా నుండగా కడపట చూచిన గడియ ఏదని వైద్యుడు తప్పక అడుగును. దానిని కాగితముపై వ్రాసికొని పోవలెను.