సెయింట్ హెలీనా దీవికి టెలిఫోను

మన సభకు చెందిన కుటుంబముల పిల్లలు ఒకరిద్దరు ఇటీవల ఉద్యోగమునకై సెయింట్ హెలీనా దీవికి వెళ్లియున్నారు. ఒకరు ఆసుపత్రిలో నర్సు. మరియొకరు కట్టడపు పనిలో నున్నారు. ఇంతకు ముందు నాటాలులోని మనవారు ఆ దీవి పేరు వినుట బడిలో నెపోలియను చక్రవర్తి పాఠము చదివినప్పుడే. ఇప్పుడా పేరు తల్లుల నోట వినవచ్చుచున్నది. "అమ్మాయితో మాట్లాడవలెనన్న ఏ నంబరు త్రిప్పవలెను? ఇండియాకు పిలుచుటకంటె దీనికేల ఇంత ఎక్కువ పట్టుచున్నది? తెలియని దీవి నంబరొకటి ఒక్క మ్రోత మ్రోగి ఆగిపోయిన, తిరిగి పిలువవచ్చునా?" అని అడుగుచున్నారు. ప్రశ్నలు చిన్నవే గాని, వాని వెనుక నూరేండ్లకు మించిన కథ కలదు.

ఆ దీవి దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రము నడుమ నున్నది. ఆఫ్రికా పడమటి తీరము నుండి సుమారు 1,900 కిలోమీటర్ల దూరము. వైశాల్యము 122 చదరపు కిలోమీటర్లు మాత్రమే. 2021 జనాభా లెక్కలలో అచ్చట తేలిన జనము సుమారు 4,400. మన చాట్స్‌వర్తులో ఒక్క పేటలో ఇంతకన్న ఎక్కువమంది యుందురు. బ్రిటిషువారి ఏలుబడి, ముఖ్యపట్టణము జేమ్స్‌టౌన్. 2017 అక్టోబరులో జొహానెస్‌బర్గు నుండి విమానము నడుచుట మొదలయ్యెను. అంతకు ముందు కేప్ టౌన్‌లో ఓడ యెక్కి అయిదారు దినములు పోవలసి యుండెడిది.

మనకును ఆ దీవికిని సంబంధము బొత్తిగా లేకపోలేదు. 1860 నవంబరు 16వ తేదీన ట్రూరో ఓడ మద్రాసు నుండి డర్బన్ చేరినది మొదలు, మన పెద్దలను తెచ్చిన ఓడలు ఈ రేవులోనే ఆగినవి. కాని అవే మద్రాసు, కలకత్తా రేవుల నుండి డెమరారాకును ట్రినిడాడునకును కూలివారిని కొనిపోయిన ఓడలు కేప్ చుట్టి పోవుచు, మంచినీటికై సెయింట్ హెలీనాలో ఆగుచుండెడివి. మనతోబాటు ఒకే డిపోలో కూర్చుండి, వేరొక ఓడ యెక్కినవారు ఆ కొండలను చూచిరి. ఇంటికి కబురంపుటకు వారికేమియు లేకుండెను.

ముందుగా నంబరు సంగతి. ఈ దేశము నుండి ఏ పరదేశమునకు పిలిచినను మొదట 00 త్రిప్పవలెను. మన యిండ్లలోని పాత డైరీలలో 09 అని యుండును. ఆ పద్ధతి 2007లో పోయినది. 00 తరువాత 290. ఇది దీవి కోడు. దాని తరువాత అచ్చటి నంబరు, అయిదు అంకెలు. నడుమ ఊరి కోడు లేదు. 2013 వరకు అచ్చటి నంబరులు నాలుగంకెలే; ఆ యేట వానికి ముందు 2 చేర్చిరి. కనుక పాత ఉత్తరములో నాలుగంకెల నంబరు కనబడినచో ముందొక 2 వేసి చూడవలెను. సెల్ ఫోనులు ఆ దీవికి 2015లో గాని రాలేదు.

ఇచ్చట ఒక మాట. నూట నలుబది కోట్లకు పైబడిన జనమున్న ఇండియాకు 91 అనునొక కోడు. 4,400 మంది యున్న ఈ దీవికిని 290 అనునొక కోడు. ప్రపంచమును తొమ్మిది మండలములుగా పంచినవారు ఆఫ్రికాకు 2 ఇచ్చిరి. మనకు 27, మారిషసునకు 230, ఈ దీవికి 290. అంకెలు పంచినప్పుడు చిన్నవారికి అన్యాయము జరుగలేదు. జరిగినది ధరలో. దానిని తరువాత చెప్పెదము.

పేరు చూచి మోసపోరాదు. కేప్ పడమటి తీరమున సెయింట్ హెలీనా బే అను చేపల రేవు కలదు. వెల్కం పట్టణములో సెయింట్ హెలీనా అను పేట కలదు. ఈ రెండును మన దేశములోనివే, 0తోనే మొదలగు నంబరులు. ఇంటర్‌నెట్టులో పేరు మాత్రము వెదకి చూచినచో ఇవియే ముందు కనబడవచ్చును. 290 లేనిదే అది దీవి కాదు. కాలము సంగతి తేలిక: దీవి గడియారము మనకు రెండు గంటలు వెనుక, ఏడాది పొడుగున. మనకు ఉదయము ఆరైనప్పుడు అచ్చట నాలుగు. రాత్రి పనికి పోయి వచ్చిన నర్సును ఆ వేళ లేపుట తగదు.

ఇక కథలోనికి పోవుదము. 1890లో జులూ రాజైన దినుజులును బ్రిటిషువారు ఈ దీవికే పంపి, 1897 వరకు అచ్చట నుంచిరి. ఆ యేడేండ్లును జులూ దేశమునకును రాజునకును నడుమ నడచినది ఓడ మోసిన ఉత్తరము మాత్రమే. అప్పటికి దీవికి తంతి లేదు. నాటాలునకు మాత్రము ఉండెను, అదియు యుద్ధము పుణ్యమే. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానాలో ఇంగ్లీషు సేన ఓడిన వార్త లండను చేరుటకు ఇంచుమించు మూడు వారములు పట్టెను. ఆ సంవత్సరాంతమునకే డర్బన్ నుండి ఏడెన్ వరకు సముద్రపు అడుగున తంతి పడెను. అటులనే 1899 అక్టోబరులో బోయరు యుద్ధము మొదలుకాగా, నవంబరులో కేప్ టౌన్ నుండి వచ్చిన తంతి సెయింట్ హెలీనాలోని రూపర్ట్స్ లోయలో ఒడ్డెక్కెను. అచ్చటి నుండి అసెన్షన్ దీవి మీదుగా ఉత్తరమునకు సాగెను. మరుసటి యేట బోయరు ఖైదీలు వేలకొలదిగ ఆ దీవికే వచ్చిరి. తంతి వేసినది దీవివారి కొరకు కాదు. దీవి దారిలో నుండెను, అంతియే.

తంతి మాటను మోయదు, చుక్కగీతలను మోయును. కంఠధ్వని దీవి దాటి పోవుటకు మొదట రేడియో ఆధారమయ్యెను, పిమ్మట ఉపగ్రహము. 1815లో నెపోలియను బసచేసిన బ్రయర్స్ అను చోటనే పెద్ద గిన్నె వంటి ఆంటెన్నాను నిలిపిరి. దీవివారి మాటలన్నియు ఆ గిన్నె నుండి ఆకాశమునకు పోయి రావలెను. ఆ ఉపగ్రహము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. మాట పైకి పోయి క్రిందికి దిగుటకు ఇంచుమించు పావు సెకండు. జవాబు వచ్చుటకు మరియొక పావు. అర సెకండు ఏపాటి యని తోచును. కాని తల్లి "బాగున్నావా అమ్మా" అని యడిగి, జవాబు రాకపోగా మరల అడుగును. ఆ లోపలనే మొదటి జవాబు వచ్చి రెండవ ప్రశ్నకు తగులును. ఇరువురును ఒకేసారి ఆగుదురు, ఒకేసారి మొదలిడుదురు. పోట్లాటకు దిగినారేమో యని ప్రక్కవారికి తోచును. ఉపగ్రహము మీద మాట్లాడ నేర్చినవారు మాట ముగించి, లోలోపల ఒకటి రెండు లెక్కించి, వినుట అలవరచుకొందురు.

ఇప్పుడు ధర సంగతి. దూరమునుబట్టి ధర యుండునని మనవారి తలంపు. రైలు టిక్కెట్లకును లారీ బాడుగలకును అది చెల్లును గాని టెలిఫోనునకు చెల్లదు. డర్బన్ నుండి సెయింట్ హెలీనా సుమారు నాలుగువేల కిలోమీటర్లు. మన పూర్వుల ఆంధ్ర తీరము ఏడువేలకు పైన. అయినను ఇండియాకు మాట్లాడుట చవుక, దీవికి మాట్లాడుట ప్రియము. కారణమేమనగా, మనము పిలిచినప్పుడు మన కంపెనీవారు అవతలి కంపెనీవారికి, మాటను వారి గడపలోని టెలిఫోనునకు చేర్చినందులకు, నిమిషమునకింత యని చెల్లింతురు. ఇండియాలో కోట్ల టెలిఫోనులు, పోటీపడు కంపెనీలు. కనుక ఆ చేరుదల రుసుము పైసలలోనికి దిగెను. దీవిలో కంపెనీ యొక్కటే. ఎక్స్‌చేంజి, గిన్నె, ఉపగ్రహపు అద్దె, మరమ్మతు పనివారి జీతములు, ఇవన్నియు కొలది వేల గడపల మీదనే పడవలెను. జనము తక్కువైన కొలది ఒక్కొక్క మాట బరువగును. ఇందులో కంపెనీవారి ఆశ కొంత లేకపోదు. పోటీ లేనిచోట ఎవ్వరును తామై ధర తగ్గింపరు. మన కంపెనీలు అమ్ము "పరదేశపు నిమిషముల" కట్టలలో ఇటువంటి దీవులను తరచుగా చేర్చరు. కట్ట కొనుటకు ముందు 290 అందులో ఉన్నదా యని అడిగి తెలిసికొనవలెను.

ఈ బరువు కొంత తగ్గిన కాలమిది. ఆఫ్రికా పడమటి తీరము వెంబడి పోర్చుగల్ నుండి కేప్ టౌన్ సమీపమున నున్న మెల్క్‌బోస్‌స్ట్రాండ్ వరకు గూగుల్ కంపెనీవారు వేసిన గాజునారల తంతి నుండి, వెయ్యి కిలోమీటర్లకు పైబడిన కొమ్మ యొకటి దీవికి తెచ్చిరి. ఐరోపా సమాఖ్యవారి అభివృద్ధి నిధి అందులకు తోడ్పడెను. కొమ్మ 2021 ఆగస్టులో ఒడ్డు చేరెను; 2023 అక్టోబరులో ప్రజల వాడుకలోనికి వచ్చెను. ఒడ్డెక్కిన చోటు మరల ఆ రూపర్ట్స్ లోయయే.

ఆ లోయను గూర్చి చెప్పక ముందుకు పోజాలము. 1840 మొదలుకొని ఇంగ్లీషు యుద్ధనౌకలు పట్టుకొన్న బానిసల ఓడలను అచ్చటికి తెచ్చుచుండిరి. విడుదలైనవారిలో సుమారు 8,000 మంది రోగముతో, ఆకలితో అచ్చటనే చనిపోయి ఆ లోయలో పూడ్చబడిరి. బ్రతికినవారిలో అనేకులను గయానా, జమెయికా, ట్రినిడాడు తోటలకు కూలికి పంపిరి. మనవారిని కొనిపోయినదియు ఆ తోటలకే. విమానాశ్రయమునకు బాట వేయు సందర్భమున 325 మంది అస్థికలు బయటపడగా, అవి ఏండ్ల తరబడి పట్టణములోని గిడ్డంగిలో పెట్టెలలో నుండి, 2022లో మరల మట్టిలో చేరినవి. ఆ లోయలోనికి వచ్చిన తంతి పేరు ఎక్వియానో. బానిసగా అమ్ముడుపోయి, తన వెల తానే చెల్లించి విడుదల పొంది, 1789లో తన జీవితకథను అచ్చువేయించిన యాఫ్రికా వాని పేరది. పేరు పెట్టినవారు లోయను తలచి పెట్టిరో లేదో గాని, పేరు తన చోటు తాను వెదకికొనెను.

తంతి వచ్చిన పిమ్మట మాట ఆకాశమునకు పోయి రానక్కరలేదు. వాట్సాప్ వంటి సాధనములతో ముఖము చూచి మాట్లాడుచున్నారు. ఎదురుచూచు ఆ అర సెకండు పోయినది. నర్సుగా నున్న అమ్మాయి ఆ దారినే తల్లితో మాట్లాడుచున్నది. అయితే ఇంటర్‌నెట్టు వాడనేరని పెద్దలకు 00 290 తప్పదు. ధర చూచి గడియారము ఎదుట పెట్టుకొని మాట్లాడవలసినవారు వారే. దొంగల వలలో పడుచున్నదియు వారే.

ఆ దొంగతనము ఇట్లు జరుగును. రాత్రివేళ టెలిఫోను ఒక్కసారి మ్రోగి ఆగిపోవును. తెరపై ఎన్నడు చూడని కోడు. అసెన్షన్ దీవి 247 కావచ్చును, మరియొక దీవిది కావచ్చును. పిల్ల దూరదేశమున నున్న తల్లి ఆ అంకెలు చూచి గుండె ఝల్లుమని వెంటనే తిరిగి పిలుచును. అవతల సంగీతమో, "కొంచె మాగుడు" అను గొంతో వినబడును. ఆగినంతసేపు డబ్బు కరుగును. దీవులకు చేరుదల రుసుము హెచ్చుగా నుండుట చేతనే దొంగలు ఆ కోడులను ఎన్నుకొందురు. ఆ రుసుములో వారికి భాగము ముట్టును. చాలమారులు ఆ పిలుపు దీవి వరకు పోనేపోదు, నడుమ మరియొక దేశములోని యంత్రమే జవాబిచ్చును. జపానువారు దీనికి వన్‌గిరి అని పేరు పెట్టిరి, ఒక్క మ్రోతతో త్రెంపుట యని దాని భావము. మన పెద్దలలో ఒకరు ఇట్లు నెలకు వేసికొన్న ఎయిర్‌టైమంతయు ఒక్క రాత్రిలో పోగొట్టుకొనిరి. కంపెనీవారిని అడుగగా, "పిలిచినది మీరే గదా" అని చెప్పి పంపివేసిరి.

నష్టము అంతటితో ఆగదు. మోసములు పెరిగినకొలది కంపెనీలు ఆ కోడులనే మూసివేయుట కలదు. అప్పుడు దొంగ వేరొక కోడు వెదకికొనును. తల్లి మాత్రము నిజమైన కూతురిని పిలువలేక నిలిచిపోవును. ఆ దీవివారు ఏ పాపము నెరుగరు. వారి యింటి గుర్తుగా నిచ్చిన మూడంకెలే అనుమానపు గుర్తులైనవి. కనుక నంబరు కలియనిచో దీవిలో ఏమో జరిగినదని భయపడవలదు. మొదట మీ కంపెనీవారినడిగి, పరదేశపు పిలుపులు మీ టెలిఫోనునకు తెరచియున్నవా, 290 మూసిరా యని తెలిసికొనవలెను. ఒక్క మ్రోత మ్రోగిన తెలియని నంబరును తిరిగి పిలువరాదు. నిజముగా పనియున్నవారు మరల పిలుతురు.

సెయింట్ హెలీనాకు దక్షిణముగా రెండువేల నాలుగువందల కిలోమీటర్ల దూరమున ట్రిస్టన్ డ కున్హా అను ఇంకను చిన్న దీవి కలదు. జనము మూడువందలకు లోపు. ఇది యెంత వింతయో చూడుడు: అచ్చటి వారి టెలిఫోనులకు లండను నగరపు నంబరులు కలవు! ఉపగ్రహముద్వారా బ్రిటిషు ప్రభుత్వపు ఏర్పాటు చేత అట్లు జరిగినది. ఊరివిమానము కూడ లేని ఆ దీవిని లండనులోనివారు ప్రక్కవీథివారిని పిలిచినట్లు పిలువగలరు. సెయింట్ హెలీనాకు ఆ భాగ్యము కలుగలేదు. జనము తక్కువైన చోట ధర తగ్గించుట అసాధ్యమను వారికి ట్రిస్టన్‌ను చూపవచ్చును.

దీవి నుండి మన యింటికి పిలువవలసినవారు 00 27 త్రిప్పి, డర్బన్ కోడు 031లోని సున్న విడిచి, 31తో మొదలుపెట్టవలెను. ఇచ్చటి తల్లులు గోడ క్యాలెండరు మీద 00 290 అని వ్రాసి, ప్రక్కన అయిదంకెలు పెద్దవిగ వ్రాసి, దాని క్రింద "రెండు గంటలు వెనుక" అని కూడ వ్రాసి యుంచుడు.