పత్తిగింజలో వ్రాతప్రతి

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవారిని ఎప్పుడైనా గమనించారా? రాశిలోనుంచి గుప్పెడు పత్తి తీస్తారు. ఒక గింజనుంచి చిన్న పింజ లాగి, రెండు బొటనవేళ్ళ నడుమ సాగదీసి, వెలుగుకెత్తి చూస్తారు. పింజ పొడవెంతో, బలమెంతో ఆ చూపుతోనే తెలుసుకుంటారు. ధర చాలావరకు అక్కడే నిర్ణయమై పోతుంది.

ఆ వేళ్ళ మధ్యనున్న వస్తువును గురించి ఒక్కమాట చెబితే మీరు నమ్మడం కష్టం. దూదిపోగు ఒక్కొక్కటీ ఒకే ఒక్క జీవకణం! జీవకణమంటే సూక్ష్మదర్శినిలో తప్ప కనిపించనిదని కదా మనం చదువుకున్నది. ఈ కణం మాత్రం అంగుళం పైచిలుకు పొడుగు పెరుగుతుంది. పువ్వు విచ్చిన రోజునే గింజ పైపొరలోని కొన్ని కణాలు బయటికి పొడుచుకొని వస్తాయి. సుమారు మూడు వారాలు సాగుతూనే ఉంటాయి. తరువాత లోపలిగోడకు సెల్యులోజును పొరమీద పొరగా పూసుకుంటాయి. యాభై రోజులు కావచ్చేసరికి కాయ పగులుతుంది, కణం ఎండిపోతుంది, మనకు దూది మిగులుతుంది. ఒక్క గింజమీద ఇటువంటి పోగులు పదివేలకు పైగా ఉంటాయి.

మరి ఆ కణానికి "నీవు సాగు" అని చెప్పినదెవరు? దాని పక్కనే ఉన్న కణం సాగక, గింజతొక్కగానే ఉండిపోయింది కదా!

నేల చెప్పిందనడానికి వీలులేదు. పశ్చిమ కర్నూలు, బళ్ళారి, అనంతపురం ప్రాంతాల నల్లరేగళ్ళలో ఒకప్పుడు పండిన దేశవాళీ పత్తికి వ్యాపారులు "వెస్టర్న్స్" అని పేరు పెట్టుకున్నారు. దాని పింజ పొట్టి. అదే రేగడిలో అదే వానకు అమెరికా జాతి పత్తిని వేస్తే పొడుగు పింజ వస్తున్నది. పొట్టి పింజకు ముతకనూలు, పొడుగు పింజకు సన్ననూలు. అక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపున ఉన్నది ఎమ్మిగనూరు. 1938లోనే చేనేతవారి సహకార సంఘం వెలసిన ఊరు. అక్కడ మగ్గం ఎక్కే నూలు ఎంత సన్నంగా ఉండగలదన్నది, ఒక విధంగా చూస్తే, గింజ పుట్టకముందే వ్రాసిపెట్టి ఉన్నది.

"వ్రాసిపెట్టి ఉన్నది" అంటే నుదుటివ్రాత అనుకునేరు! ఇది నిజమైన వ్రాతే. కణం నడుమ కేంద్రకంలో డి.ఎన్.ఏ. అనే పదార్థం మీద వ్రాసి ఉన్నది. రెండు పోగులను పురిపెట్టినట్లుండే దారమది. దాని రూపాన్ని 1953లో కేంబ్రిడ్జిలో వాట్సన్, క్రిక్ అనే శాస్త్రజ్ఞులు తేల్చారు. వారికి ముఖ్యమైన ఆధారం లండనులో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్-రే ఛాయాచిత్రం. పాపం, 1962లో ఈ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చేనాటికి ఆమె బ్రతికిలేదు.

మన పెద్దబాలశిక్షలో యాభైయారు అక్షరాలు. వాటికి గుణింతాలు, వత్తులు. ఈ లిపికి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. నాలుగు చిన్న రసాయనాల పేర్లలోని మొదటి అక్షరాలవి. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట. లెక్క కడితే మాటలు అరవైనాలుగే. వాటిలో మూడు "ఇక చాలు" అనే పూర్ణవిరామాలు. మిగిలినవి ఇరవై రకాల అమైనో ఆమ్లాలకు పేర్లు. ఏ మాటకు ఏది అర్థమో తేల్చిన వారిలో మన హరగోవింద ఖొరానా ఒకరు. 1968లో మరి ఇద్దరితో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆ వరుసలో అమైనో ఆమ్లాలను గుచ్చితే ప్రోటీను తయారవుతుంది. ఒక్కొక్క ప్రోటీనుకు కావలసిన వ్రాతభాగాన్ని జన్యువు అంటారు. డి.ఎన్.ఏ. తాను స్వయంగా దూది నేయదు. నేసే పనివాళ్ళను తయారు చేయిస్తుంది. చక్కెరనుంచి సెల్యులోజు అల్లేవి ఆ ప్రోటీనులే.

సబ్ రిజిస్ట్రారు కచేరీలో అసలు పుస్తకం మన చేతికివ్వరు. కావలసిన దస్తావేజుకు నకలు వ్రాసి ఇస్తారు. కణంలోనూ ఇదే పద్ధతి. అసలు వ్రాత కేంద్రకం దాటదు. పని పడిన జన్యువుకు మాత్రం ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారై బయటికి వస్తుంది. పత్తిచెట్టు ఆకులో, వేరులో, పువ్వులో, పోగులో ఉన్న పుస్తకం ఒక్కటే. ఎక్కడ ఏ పుటకు నకళ్ళు తీస్తున్నారన్నదే తేడా. పోగు కావలసిన కణంలో సాగే పుటలు తెరుచుకున్నాయి. పక్కకణంలో అవి మూసి ఉన్నాయి.

ఇక ఈ పుస్తకం తరతరానికీ ఎలా అందుతున్నది? రెండు పోగులలో ఎ ఎదుట ఎప్పుడూ టి, జి ఎదుట సి ఉంటాయి. కణం రెండయ్యేముందు పురి విడిపోతుంది. ఒక్కొక్క పోగూ తన ఎదుటి అక్షరాలను పేర్చుకొని, మళ్ళీ జంట అవుతుంది. ఇప్పుడు ప్రతులు రెండు. తాళపత్రాలకు ప్రతులు వ్రాసినవారు ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒక అక్షరం జారేది. బ్రౌన్ దొర కడపలో పండితులను కూర్చోబెట్టి ప్రతులను పోల్చి చూపించినది అందుకే. కణంలోనూ ప్రూఫులు దిద్దే ప్రోటీనులున్నాయి. అయినా అరుదుగా ఒక పాఠాంతరం నిలిచిపోతుంది. మా తెలుగువారికి పాఠాంతరమంటే తగువు. జీవలోకంలో కొత్త రకాలు పుట్టేది దానివల్లనే.

ఇంతవరకు చెప్పినదంతా రైతు ఇంటికి ఎందుకు వస్తుందంటే, అతడు ఏటేటా సంచి విప్పి డబ్బు పోస్తున్నది ఈ వ్రాతకే. ప్రతి గింజలోనూ తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు ప్రతులుంటాయి. రెండు వేరువేరు రకాలను కలిపితే పుట్టే హైబ్రిడ్ మొక్కలన్నీ ఒక్క తీరుగా, పుష్టిగా ఉంటాయి. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4 ఈ దారి తెరిచింది. విత్తనపత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసివేసి, మరునాడు ఉదయం మరో రకపు పుప్పొడిని అద్దుతారు. ఒక్కొక్క పువ్వుకూ చేతితోనే! ఈ పనికి ఆడపిల్లలను బడి మాన్పించి తీసుకుపోవడం కర్నూలు జిల్లాకు చాలాకాలం మాయని మచ్చగా ఉన్నది.

"నిరుడు బాగా పండింది, ఆ గింజే దాచి వేస్తే పోదా?" అని రైతు అడిగితే ఆ ప్రశ్నలో తప్పులేదు. తాతలు చేసినది అదే. కాని హైబ్రిడ్ మొక్క తన బిడ్డకు రెండు ప్రతులనూ ఇవ్వలేదు. రెండింటినీ కలిపి, పేకముక్కలవలె పంచి, సగమే ఇస్తుంది. ఒక్కొక్క గింజకు ఒక్కొక్క పంపకం. రెండో ఏడు చేనులో ఒక మొక్క పొట్టి, ఒకటి పొడుగు. ఒకదాని పింజ ఒక తీరు, ఇంకొకదానిది ఇంకొక తీరు. యార్డులో ఆ బొటనవేళ్ళు దీన్ని ఇట్టే పట్టేస్తాయి. సూటిరకాలకు ఈ బాధ లేదు. వాటి రెండు ప్రతులూ దాదాపు ఒకటే.

2002లో మన దేశంలో అనుమతి పొందిన బి.టి. పత్తిలో ఇంకొక విశేషమున్నది. దానిలో మట్టిలో బ్రతికే ఒక బాక్టీరియా జన్యువును చేర్చారు. బాక్టీరియా వ్రాతను పత్తిచెట్టు చదవగలిగింది; ఎందుకంటే జీవులన్నిటికీ లిపి, నిఘంటువు దాదాపు ఒక్కటే. చెట్టు ఆ ప్రోటీనును తయారుచేస్తుంది. తిన్న కాయతొలుచు పురుగు పేగు చిల్లులుపడి చస్తుంది. ఈ ఒక్క పుటకే విత్తనం ధర ఎంత పెరిగిందంటే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపారాల కమిషన్‌కు ఫిర్యాదు చేయవలసివచ్చింది. 2006లో 450 గ్రాముల సంచి 750 రూపాయలకు దిగింది.

అయితే పురుగుకూ ఒక పుస్తకమున్నది. దాని పేగులో విషం వచ్చి తగులుకునే ప్రోటీను ఒకటి ఉంటుంది. దాని జన్యువులో పాఠాంతరం వచ్చిన గులాబీరంగు పురుగులకు ఆ విషం అంటలేదు. అవి బ్రతికాయి, పిల్లలకు ఆ పాఠాన్నే ఇచ్చాయి. ఈ సంగతి గుజరాతులో తేలినట్లు 2010లో వెల్లడి అయింది. 2006లో వచ్చిన రెండు విషాల పత్తికీ కొన్నేళ్ళలో అదే గతి పట్టింది.

ఇందులో హైబ్రిడ్ పాత్ర కూడా ఉన్నదని కొందరు శాస్త్రజ్ఞుల వాదన. నాకు అది సబబుగానే తోస్తున్నది. విషజన్యువు తల్లిదండ్రులలో ఒకరినుంచే వస్తే, రైతు చేనులోని కాయలో నాలుగు గింజలకు ఒకటి ఆ జన్యువు లేకుండా ఉంటుంది. గులాబీరంగు పురుగు తినేది గింజలనే. ఒకే కాయలో విషమున్న గింజ, లేని గింజ రుచి చూస్తూ పెరిగిన పురుగుకు తట్టుకునే అవకాశం ఎక్కువ.

ఆ పురుగు గింజలోపలే దాగి ఎండాకాలం గడిపేస్తుంది. పత్తితోపాటు బండి ఎక్కి జిన్నింగ్ మిల్లుకూ చేరుతుంది. రెక్కలు వచ్చాక చుట్టుపక్కల చేలకు ఎగిరిపోతుంది. మిల్లుల ఆవరణలో లింగాకర్షక బుట్టలు కట్టండనీ, చేలో పత్తికట్టెను వేసవిదాకా నిలబెట్టవద్దనీ వ్యవసాయాధికారులు చెప్పేది ఇందుకే.