సొరుగులో దొరికిన జంతువు

క్షీరదశాస్త్రజ్ఞుడనగానే అడవులలో తిరుగువాడే మనకు స్ఫురించును. మ్యూజియం శాస్త్రజ్ఞునికి తొలి అడవి సొరుగులే. తరువాత స్మిత్సోనియన్‌లో క్షీరదవిభాగాధికారియైన క్రిస్టఫర్ హెల్గెన్ 2003లో చికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఒలింగో అను జంతువుల చర్మములను, పుర్రెలను పరిశీలించుచుండగా కొన్ని భిన్నముగా కనిపించినవి: రోమములు ఎరుపు, దట్టము, పుర్రె చిన్నది, పలువరుస వేరు. వయసునుబట్టియు పుర్రె మారును గనుక ఒక్క నమూనా చాలదు. పలు మ్యూజియములలోని వానిని కొలిచి పోల్చవలసి వచ్చినది. పాత చీటీలపై ఆండీస్ పర్వతముల ఎత్తైన తావులు వ్రాసియున్నవి. ఆ చీటీ లేనిచో చర్మము వట్టి తోలే! 2006లో ఈక్వడార్ మేఘారణ్యమునకు వెళ్లగా మొదటి రాత్రియే ఆ జంతువు చెట్లపై కనిపించినది. 2013లో ‘ఒలింగిటో’ అని ప్రకటించిరి. విచిత్రమేమనగా, 1970 ప్రాంతమున ఇట్టిదొకటి అమెరికా జంతుప్రదర్శనశాలలలో ఒలింగోగానే చలామణి అయినది. ఒలింగోలతో జతకట్టింపజూడగా అది కలియనే లేదు.