కొండమీద జానెడు మట్టి.. పోతే మళ్లీ రాదు

బనగానపల్లె: యర్రమల కొండల వాలున గడ్డపార వేస్తే రెండో పోటుకే ఖంగుమంటుంది. పైన జానెడు మట్టి, కింద నాపరాయి. చాలాచోట్ల ఆ జానెడూ లేదు, బెత్తెడే. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అవుకు ప్రాంతాల కొండ గ్రామాల వారికి ఈ నేల కొత్త కాదు. గొర్రెలకు మేత, పొయ్యికి కట్టె, అమ్ముకోవడానికి సీతాఫలం ఇచ్చేది ఇదే. కొండ దిగువన కంది, ఆముదం, కొర్ర, ఉలవ పండేదీ ఈ మట్టిలోనే. అలాంటి మట్టి గడ్డి పోయిన ప్రతిచోటా వాన వాననూ పలచబడుతోంది. రాళ్లు తేలిన బీళ్లే ఇందుకు సాక్ష్యం.

మట్టి ఎందుకు ఇంత తక్కువ?

నల్లరాయి శిథిలమైతే దానిలో చాలా భాగం అక్కడే మట్టిగా మిగులుతుంది. సున్నపురాయి సంగతి వేరు. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు రాయిని కొద్దికొద్దిగా కరిగించి వెంట తీసుకుపోతుంది. రాయిలో కలిసి ఉన్న బంకమట్టి, ఇసుక మాత్రమే మిగులుతాయి. రాయిలో అలాంటి మలినం పదో వంతు ఉందనుకుంటే, పదడుగుల రాయి కరిగితే గాని అడుగు మట్టి మిగలదు. అందుకు పట్టే కాలాన్ని తరాలతో లెక్క కట్టలేం.

కరిగిన సున్నం ఎటు పోతుందో కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహలు చూసిన వారికి తెలుసు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాతల్లోకెక్కిన ఈ గుహలను 2002లో సందర్శకులకు తెరిచారు. 3,229 మీటర్ల పొడవున్న ఆ దారులన్నీ నీరు రాయిని తిని చేసినవే. బావి నీళ్లు కాచిన గిన్నెకు పట్టే తెల్లని పెచ్చు కూడా ఆ సున్నమే.

వారం రోజుల తడి

ఉమ్మడి కర్నూలు జిల్లాలో ఏడాదికి సగటున 670 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. పడిన వానను పట్టి ఉంచడానికే ఈ నేలకు చోటు లేదు. రాళ్లు కలిసిన జానెడు మట్టిలో పైరుకు అందే తడి సుమారు 25 నుంచి 30 మిల్లీమీటర్లు. ఎదిగిన పైరు రోజుకు నాలుగైదు మిల్లీమీటర్లు తాగుతుంది. అంటే వారం దాటి వాన మొహం చాటేస్తే పైరు వాడుతుంది. నల్లరేగడిలో అదే పైరు ఇంకొన్నాళ్లు తట్టుకుంటుంది. మిగిలిన నీరు రాతి నెర్రెల్లోకి దిగిపోతుంది, లేదా వాలున పరుగెత్తి మట్టిని వెంట తీసుకుపోతుంది.

ఎకరా మీద ఒక్క మిల్లీమీటరు మట్టి పోతే ఐదు టన్నులకు పైగా పోయినట్టు. కంటికి తెలియని నష్టమిది. జానెడులో 225 మిల్లీమీటర్లే ఉన్నాయి.

మంద తిరిగే కొండ

గడ్డి వేరు ఈ మట్టికి కట్టిన తాడు. వేసవిలో బీడుకు నిప్పు పెడితే తొలకరికి లేత గడ్డి మొలుస్తుందని కొందరి ఆశ. నిజమే, మొలుస్తుంది. కానీ ఈలోగా తొలి వాన బోడి నేల మీద పడి మట్టిని కడిగేస్తుంది. గడ్డి మొలవగానే మందను తోలితే వేరు బలం పుంజుకోదు. రెండు మూడేళ్లకు మంచి గడ్డి పోయి, గొర్రె ముట్టని మొక్కలే మిగులుతాయి.

ఊరి బీడును మూడు నాలుగు భాగాలుగా చేసుకొని, ఏడాదికి ఒక భాగాన్ని తొలకరి నుంచి గడ్డి గింజ రాలే దాకా వదిలిపెట్టడం దీనికి మందు. ఆ తర్వాత అక్కడ గడ్డిని కోసుకోవచ్చు. సున్నపు నేలను తట్టుకునే స్టైలో హమాటా విత్తనాన్ని వానల ముందు చల్లితే మేతా పెరుగుతుంది, నేలకు కప్పూ దొరుకుతుంది. ఇది ఒక్కరితో అయ్యే పని కాదు. ఊరంతా కూర్చొని మాట అనుకోవాలి. మందల వారిని వదిలేసి చేసే కట్టుబాటు నిలవదు.

రాయితోనే కట్ట

జానెడు కింద రాయి ఉన్నచోట లోతు కందకాలు తవ్వబోతే కూలి వృథా. అక్కడ దొరికే రాళ్లనే వాలుకు అడ్డంగా వరుసగా పేర్చితే నీరు నెమ్మదిస్తుంది, మట్టి వెనుక ఆగుతుంది. రాతి నెర్రెల్లో మట్టి నిండిన చోట్లు చూసి సీతాఫలం, రేగు నాటాలి. వాటి వేరు నెర్రెలో దారి వెతుక్కుంటుంది. దిగువ చేలల్లో దుక్కి, గొర్రు, గుంటక అన్నీ వాలుకు అడ్డంగానే సాగాలి.

యూరియా కాదు, అన్నభేది

సున్నపు నేలలో వేరుశనగ లేత ఆకులు పసుపెక్కితే చాలామంది రైతులు యూరియా చల్లుతారు. నత్రజని లోపమైతే ముదురాకు ముందు పాలిపోతుంది. లేత ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుప ధాతు లోపం. మట్టి ఎర్రగా ఉండి, అందులో ఇనుము ఉన్నా, సున్నం దాన్ని వేరుకు అందనివ్వదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే ఆకు తేరుకుంటుంది. యూరియా ఖర్చు మిగులుతుంది. అనుమానముంటే మట్టి పరీక్ష చేయించుకోవాలి.

గని తవ్వేచోట

ఈ కొండల రాయి పలకలుగా, సిమెంటుగా ఊళ్లు దాటి పోతోంది. దానివల్ల పనులూ దొరుకుతున్నాయి. సిమెంటు సున్నపురాయి వంటి ప్రధాన ఖనిజాల గనుల్లో పైమట్టిని విడిగా తీసి ఉంచి, తవ్విన నేలను తిరిగి బాగుచేయడానికి వాడాలని 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నిబంధనలు చెబుతున్నాయి. ఆ మట్టి ఎక్కడ పోశారో, ఎందుకు వాడారో గ్రామసభల్లో అడిగే హక్కు ప్రజలకు ఉంది.

రాయి తీసిన గుంతను తర్వాతైనా పూడ్చవచ్చు. కొట్టుకుపోయిన మట్టిని కుందూ నుంచి వెనక్కి తేలేం. రాతి వరుసలు పేర్చడానికీ, బీళ్లు పంచుకోవడానికీ తొలకరికి ముందున్న ఎండకాలమే అదను.