రక్తపోటుకు నడక మేలా, వేడి మేలా?

యాంగాన్ నగరంలో ఏప్రిల్ మాసం వచ్చిందంటే నిలుచున్నచోటనే చెమటలు ధారకడతాయి. ఇంత చెమట పడుతూండగా రక్తపోటు తగ్గడానికి వేరే వ్యాయామం దేనికన్న సందేహం కలగడం సహజమే.

చెమటను చికిత్సగా పరిగణించడం మనవారికి కొత్త కాదు. చరకసంహితలోని స్వేదాధ్యాయం అగ్నితో చేసే స్వేదాలు 13 అని, అగ్ని లేనివి 10 అని చెప్పి, ఆ పదింటిలో వ్యాయామాన్ని మొదట పేర్కొన్నది. రక్తపోటు విషయంలో ఈ రెండు మార్గాలూ సమానమేనా?

వేగంగా నడిచేటప్పుడు గుండె అధికంగా రక్తాన్ని పంపుతుంది. ఆ ప్రవాహపు ఒరిపిడికి ధమనుల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును విడుదల చేస్తుంది. అది ధమని గోడలోని కండరాన్ని సడలించగా, మార్గం విశాలమై పోటు తగ్గుతుంది. ఈ వాయువు పాత్రను కనుగొన్న ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. వేడినీటి తొట్టిలో కూర్చున్నప్పుడు కూడ చర్మానికి రక్తప్రవాహం పెరిగి ఇదే చర్య జరుగుతుంది. అయితే కాళ్ళ కండరాలకు పని ఉండదు.

ఇక సాక్ష్యాలు. వ్యాయామ ప్రయోగాలెన్నింటినో క్రోడీకరించి 2013లో ప్రచురించిన సమీక్షలో, నడక వంటి వ్యాయామం రక్తపోటు ఉన్నవారిలో పై అంకెను సుమారు 8, క్రింది అంకెను సుమారు 5 మిల్లీమీటర్లు తగ్గించినట్లు తేలింది. ఫిన్లాండ్‌లో 1,621 మంది పురుషులను దాదాపు 25 సంవత్సరాలు పరిశీలించి, 2017లో ఫలితాలు వెల్లడించారు. వారానికి ఒకసారి ఆవిరిగది సేవించినవారికంటె, నాలుగు నుండి ఏడుసార్లు సేవించినవారికి రక్తపోటు వచ్చే అవకాశం 47 శాతం తక్కువ. కాని ఇది పరిశీలన మాత్రమే, ప్రయోగం కాదు. తరచు వెళ్ళినవారు మొదటినుండి ఆరోగ్యవంతులై ఉండవచ్చు. అందుచేత వ్యాయామానికే అగ్రస్థానం. వేడికి సహాయక స్థానం.

పైగా చికిత్సలోని వేడి వేరు, వాతావరణపు వేడి వేరు. మొదటిదానికి ఉష్ణోగ్రత, సమయం, పిదప చల్లబడే విశ్రాంతి నియమితమై ఉంటాయి. యాంగాన్ ఉక్కలో చెమట ఆరక, శరీరం చల్లబడక, నీరు మాత్రం నష్టపోతుంది. మూత్రం ఎక్కువగా పోయించే రక్తపోటు మాత్రలు వాడేవారికి దీనివల్ల కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం కూడ ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో రంగూన్ రేవులో బరువులు మోసి, రిక్షాలు లాగిన తెలుగు శ్రామికులకు వ్యాయామాన్ని ఎవరూ బోధించనక్కరలేకపోయింది. కూర్చుని పనిచేసే నేటివారు దానిని కోరి చేయవలసిందే. వేకువజామున, ఎండ ఎక్కకముందే, కాండోజీ సరస్సు ఒడ్డుననో ఇన్యా సరస్సు ఒడ్డుననో రోజుకు అరగంట చొప్పున వారానికి ఐదు దినాలు చురుకుగా నడిస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిన 150 నిమిషాలూ పూర్తవుతాయి. మోకాళ్ళ నొప్పులతో నడవలేనివారు వైద్యుని అనుమతితో వేడినీటి స్నానాన్ని ఆశ్రయించవచ్చు. ఆవకాయలోను, బర్మా ఙపిలోను ఉన్న ఉప్పును తగ్గించుకోవడం అందరికీ అవసరం. ఏ మార్గం పట్టినా, వైద్యుడు చెప్పనిదే మాత్రలు మానరాదు.