హడూప్ క్లస్టర్‌లో ఖాతాలు, ఫైలు అనుమతులు: పేరే హక్కు అయ్యే చోట

రోగుల వివరాలు, సర్వే పత్రాలు వంటి సున్నితమైన దత్తాంశాన్ని అనేక కంప్యూటర్లను కలిపిన క్లస్టర్‌లో భద్రపరచడానికి విరివిగా వాడే వ్యవస్థలలో అపాచీ హడూప్ ఒకటి. దాని ఫైలు వ్యవస్థ హెచ్‌డీఎఫ్‌ఎస్. అందులోని అనుమతులు చూపునకు లినక్స్ అనుమతులనే పోలి ఉంటాయి. కానీ లినక్స్ ఫైలు యజమానిని ఒక సంఖ్యతో గుర్తిస్తే, హెచ్‌డీఎఫ్‌ఎస్ పేరుతోనే గుర్తిస్తుంది. నిర్వాహకులు పొరబడేది ఎక్కువగా ఇక్కడే.

భద్రతా ఏర్పాట్లు చేయని క్లస్టర్, వచ్చినవారు చెప్పిన పేరును చెప్పినట్టే నమ్ముతుంది. నేమ్‌నోడ్‌ను ఏ పేరుతో ప్రారంభించారో ఆ పేరు చెప్పుకున్నవారే సూపర్ యూజర్; వారికి అనుమతుల తనిఖీయే ఉండదు. అటువంటి చోట డైరెక్టరీకి 700 అని పెట్టడం తాళం లేని పెట్టెకు చీటీ అంటించడమే. ఎంఐటీలో 1980లలో రూపొందిన కెర్బరోస్ ఈ లోటును తీరుస్తుంది. వినియోగదారు ముందుగా తానెవరో నిరూపించుకొని టికెట్ పొందాలి. ఆ గుర్తింపు నుండే హడూప్ ఖాతాపేరును రాబడుతుంది.

కెర్బరోస్‌తో నడిచే క్లస్టర్‌లో యార్న్ ప్రతి పనినీ దానిని పంపినవారి పేరుతోనే నడుపుతుంది. కాబట్టి పనులు నడిచే ప్రతి యంత్రంలోనూ ఆ ఖాతా ఉండాలి. సమూహ సభ్యత్వాన్ని తేల్చేది నేమ్‌నోడ్. వినియోగదారు తన యంత్రంలో ఏ సమూహంలో చేరినా ఫలితం లేదు. కొత్త ఫైలుకు సమూహం దాని పై డైరెక్టరీ నుండి వస్తుంది కనుక, ప్రాజెక్టు డైరెక్టరీని ఆ సమూహానికి అప్పగించి 770 పెడితే బయటివారికి దారి మూసుకుపోతుంది.

అసలు చిక్కు ఖాతాను తొలగించేటప్పుడు వస్తుంది. ఖాతా పోయినా, ఫైళ్లమీద ఆ పేరు అలాగే ఉంటుంది. మన పేర్లలో ఇది ఊహకందని విషయమేమీ కాదు: వేమూరి శ్రీనివాస్, వెలగా శ్రీనివాస్ ఇద్దరికీ ఇంటిపేరులోని తొలి అక్షరం కలిపితే ఒకే ఖాతాపేరు వస్తుంది. మొదటివారు వెళ్లిన ఏడాదికి రెండోవారు చేరి అదే పేరు పొందితే, పాత ఫైళ్లన్నీ వారి సొంతమవుతాయి. అదనపు అనుమతుల జాబితాలలో ఆ పేరుకిచ్చిన హక్కులూ సంక్రమిస్తాయి. ఒకసారి వాడిన పేరును మరొకరికి ఇవ్వకపోవడమే మేలని నా అభిప్రాయం. ఖాతా తీయకముందే ఫైళ్ల యాజమాన్యాన్ని ప్రాజెక్టు బాధ్యులకు మార్చాలి. హెచ్‌డీఎఫ్‌ఎస్‌లో ఆ పని సూపర్ యూజర్ మాత్రమే చేయగలరు.

కెర్బరోస్‌లో పేరు తీసివేసినంత మాత్రాన ప్రవేశం వెంటనే ఆగదు. ఇదివరకే పొందిన టికెట్ గడువు తీరేవరకు చెల్లుతుంది. నడుస్తున్న పనులకు నేమ్‌నోడ్ ఇచ్చే టోకెన్లను పునరుద్ధరిస్తూ పోతే, సాధారణ అమరికలో 7 రోజుల వరకు పనిచేస్తాయి. అందువల్ల ఖాతాను మూసిన రోజే ఆ పేరుతో యార్న్‌లో నడుస్తున్న పనులను వెదికి ఆపివేయాలి.