వందది కొట్టన్నా!

పెట్రోలు ధర పెరిగినప్పుడల్లా కేసముద్రం మనిషి బండి వదిలేయలేదు. తిరుగుడు తగ్గించుకున్నాడు. బస్సు చేతికందిన చోట మాత్రం దారి మారింది.

కేసముద్రం లాంటి ఊళ్ల పెట్రోలు బంకుల్లో లీటరు లెక్క నడవదు. నోటు లెక్కే నడుస్తుంది. “వందది కొట్టన్నా” అంటారు. చేతిలో డబ్బులు ఆడిన రోజు రెండు వందలది, ఆడని రోజు యాభైది. ట్యాంకు నింపించడమంటే ఏ పెళ్లికో, మేడారం జాతరకో బయల్దేరినప్పటి మాట. అందుకే ధర పెరిగిన సంగతి ఇక్కడి మనిషికి బంకు బోర్డు మీద కంటే రోడ్డు మీద ఎక్కువ తెలుస్తుంది. నిన్నటిదాకా వందకు వచ్చిన దూరం ఇవాళ రాదు.

ఎంత రాదో లెక్క కడదాం. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 73 రూపాయల 97 పైసలు. ఇక్కడి ధరకూ దానికీ పెద్ద తేడా ఉండదు. లీటరుకు యాభై కిలోమీటర్లిచ్చే బండి వంద రూపాయలకు 67 కిలోమీటర్లు తిరిగేది. కేసముద్రం నుంచి మానుకోటకు రెండుసార్లు పోయి రావచ్చు. (కాగితాల మీద మహబూబాబాద్ అయినా నోటి మీద మానుకోటే.) 2021 నవంబరు మొదట్లో ధర 114 దాటింది. కేంద్రం ఎక్సైజ్ సుంకం తగ్గిస్తే 108కి దిగి, 2022 ఏప్రిల్‌లో 119.49కి ఎక్కి కూర్చుంది. అప్పుడు అదే వందకు 42 కిలోమీటర్లు. ఒకసారి పోయి వచ్చాక, రెండోసారి మానుకోట చేరకముందే ట్యాంకు ఖాళీ.

మరి జనం ఏం చేశారు? బండి అమ్మేశారా? లేదు. నాలుగు పనులూ పోగయ్యేదాకా ఆగారు. ఎరువుల దుకాణం, బ్యాంకు, ఆసుపత్రి, చుట్టాలింట్లో పరామర్శ అన్నీ ఒకే రోజుకు కట్టారు. పక్కింటి వాళ్ల బండి మానుకోట పోతుందంటే మందుల చీటీ ఇచ్చి పంపారు. ఇద్దరు ఎక్కాల్సిన బండి మీద ముగ్గురు ఎక్కారు. ఈ సర్దుబాట్లు ఏ అమ్మకాల లెక్కల్లోనూ కనబడవు. బంకులో అమ్మకం తగ్గలేదు గనుక జనానికి భారం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వాయిదా పడ్డ డాక్టరు దగ్గరి ప్రయాణం ఆ లెక్కలో ఎక్కడుంది?

అసలు ఈ దేశంలో బండి ఎంపికను మొదటినుంచీ నడిపింది మైలేజీయే. ఇంధనం ఖరీదన్న బెంగ పాతదే: 1973లో అరబ్ దేశాలు చమురు బిగించి ధరలు మండినప్పుడు వాజ్‌పేయి ఎడ్లబండెక్కి పార్లమెంటుకు వెళ్లి నిరసన తెలిపారు. 1980లో టీవీఎస్ మోపెడ్ వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. తక్కువ తాగి ఎక్కువ దూరం పోతుందన్న ఒక్క పేరుతో ఇల్లిల్లూ చేరింది. ఇవాళ్టికీ పల్లెల్లో టీవీఎస్ ఎక్సెల్ బండిని మించిన పనిమంతురాలు లేదు. ముందు రెండు యూరియా బస్తాలు, వెనక గడ్డిమోపు, పొలం గట్టు మీద కూడా పోతుంది. నగరంలో బండి కొనేవాడు దాని అందం చూస్తాడేమో గానీ, కల్వలలోనో ధన్నసరిలోనో ఉన్న రైతు మొదట అడిగేది “ఎంతిస్తది?” అనే.

ఇక్కడ ఒక పాత విషయం ఎత్తక తప్పదు. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోలు మీద ధరల నియంత్రణ ఎత్తేసింది. డీజిల్‌ను అప్పుడు ముట్టుకోలేదు, దాని వంతు 2014 అక్టోబరులో వచ్చింది. పెట్రోలు కార్లున్నవాళ్ల ఇంధనం, వాళ్లు భారం మోయగలరు అన్న అభిప్రాయం ఆ రోజుల్లో బలంగా ఉండేది. తర్వాత పెట్రోలియం శాఖ కిందనున్న ప్రణాళిక, విశ్లేషణ విభాగం దేశమంతటా సర్వే చేయిస్తే తేలిందేమిటి? అమ్ముడైన పెట్రోలులో 61 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలే తాగుతున్నాయి. కార్ల వాటా 34 శాతం. అంటే పెట్రోలు మీద వేసే ప్రతి రూపాయిలోనూ పెద్ద వంతు పాలవాడి నుంచి, మేస్త్రీ నుంచి, కాలేజీ పిల్లవాడి నుంచి వస్తోంది. తెలంగాణలో పెట్రోలు మీద వ్యాట్ 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. 2021 నవంబరులో చాలా రాష్ట్రాలు తమ పన్ను తగ్గించినా మన రాష్ట్రం తగ్గించలేదు. కేంద్రమూ తక్కువ తినలేదు. అంతర్జాతీయంగా చమురు నేలకు దిగిన 2020 మే నెలలోనే పెట్రోలు మీద పది రూపాయలు, డీజిల్ మీద పదమూడు రూపాయలు పన్ను పెంచింది. చవకైనప్పటి లాభం జనానికి చేరలేదు, ప్రియమైనప్పటి నష్టం మాత్రం నేరుగా చేరింది.

రైలుండీ లేని రోజులు

కేసముద్రానికి దేవుడిచ్చిన వరం రైలు పట్టా. కాజీపేట-విజయవాడ మార్గంలో నెక్కొండకూ మహబూబాబాద్‌కూ మధ్యనున్న స్టేషను ఇది. వరంగల్‌లో కొలువు చేసేవాళ్లు, చదువుకునే పిల్లలు, ఎంజీఎం ఆసుపత్రికి పోయే రోగులు తరాలుగా ప్యాసింజర్ బండ్లనే నమ్ముకున్నారు. పది రూపాయల టికెట్టుతో ఏ బండి పోటీ పడగలదు?

పెట్రోలు వంద వైపు ఎక్కిన కాలంలోనే ఆ వరం చేజారింది. 2020 మార్చిలో కరోనా పేరుతో దేశమంతటా ప్యాసింజర్లు ఆగిపోయాయి. తర్వాత అవే బండ్లు, అవే పెట్టెలు, అదే వేగంతో ఎక్స్‌ప్రెస్ స్పెషళ్ల పేరు పెట్టుకుని తిరిగొచ్చాయి. కనీస టికెట్టు పది నుంచి ముప్పై అయింది. 2024 ఫిబ్రవరి చివర్లో గానీ పాత ఛార్జీలు తిరిగి రాలేదు. అంటే బండి నడపడం ఎన్నడూ లేనంత ప్రియమైన రెండేళ్లలో, బండికి బదులుగా ఉన్న ఒకే ఒక్క చవక దారిని మూడింతలు ప్రియం చేశారు. మనిషి ఇంకేం ఎంచుకుంటాడు? అప్పుచేసో, చిట్టీ పాడుకునో బండి కొన్నాడు. ఒకసారి బండి కొని కిస్తీలు కట్టడం మొదలుపెట్టినవాడు, రైలు మళ్లీ చవకైనా అంత తొందరగా ప్లాట్‌ఫారం మీదికి రాడు. ఈ కథనంలో నేను అన్నింటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఈ తప్పిదం గురించే.

అదే 2022లో జర్మనీ ఏం చేసిందో చూడండి. ఉక్రెయిన్ యుద్ధంతో ఇంధనం మండిపోతుంటే జూన్, జూలై, ఆగస్టు నెలలకు తొమ్మిది యూరోల టికెట్టు పెట్టింది. ఒక్క టికెట్టుతో నెలంతా దేశంలోని లోకల్ రైళ్లు, బస్సులు అన్నింట్లో తిరగొచ్చు. అయిదు కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. దానితో కార్లన్నీ ఆగిపోలేదు. ఆ టికెట్టు మీద జరిగిన ప్రయాణాల్లో పదో వంతు మాత్రమే కారుకు బదులుగా జరిగినవని అక్కడి రవాణా సంస్థల సర్వేలో తేలింది. అయినా ఇంధనం ప్రియమైన వేళ ఇంకో దారి తెరవాలన్న ఆలోచన సరైనది. ఫ్రాన్స్ అలా ఆలోచించలేదు. రైలూ బస్సూ సరిగా లేని చిన్న ఊళ్ల మీద డీజిల్ పన్ను పెంచితే 2018 నవంబరులో పసుపు జాకెట్లు వేసుకున్న జనం రోడ్ల మీదికొచ్చారు.

రైలు ఎంత మోస్తోందో కేసముద్రానికి 2024 సెప్టెంబరు 1న మళ్లీ తెలిసింది. ముందురోజు రాత్రి కురిసిన వానకు ఇంటికన్నె-కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. ఈ మార్గంలో దక్షిణాదికీ ఉత్తరాదికీ మధ్య తిరిగే రైళ్లు నిలిచిపోయాయి. దారిలో చిక్కుకున్న ప్రయాణికులను బస్సుల్లో తరలించారు. వందలమంది కార్మికులు రాత్రింబవళ్లు పనిచేసి రోజుల వ్యవధిలోనే దారి నిలబెట్టారు. దేశం ఆ పట్టాను దూరప్రయాణాల మార్గంగా చూస్తుంది. ఇక్కడివాళ్లకు అది రోజూ కూలికీ బడికీ పోయే బాట.

ఆధార్ కార్డు చూపిస్తే చాలు

ఇంకో దారి తెరిస్తే ఏమవుతుందో 2023 డిసెంబరు 9 చూపించింది. మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేకుండా పోయింది. 2025 జూలై నాటికి రాష్ట్రమంతటా 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని ఆర్టీసీ సంబరం చేసుకుంది. ఆ సంఖ్య కన్నా నన్ను కదిలించేది ఇంటిలోపల జరిగిన మార్పు. అంతకుముందు తల్లి ఆసుపత్రికి పోవాలంటే కొడుకు పని మానుకుని బండి తీయాలి, బండిలో వందది పోయించాలి. ఇప్పుడు ఆమె ఒక్కతే కార్డు పట్టుకుని బస్టాండుకు పోతుంది. అటు కొడుకు కూలి దక్కింది, ఇటు పెట్రోలు మిగిలింది. అన్నిటికీ మించి, ఎవరినీ అడగకుండా బయల్దేరే వీలు ఆమెకు దొరికింది.

దీని బరువు ఆటోవాళ్ల మీద పడింది. అది దాచకూడని నిజం. మండల కేంద్రం నుంచి ఊళ్లకు షేర్ ఆటోలే దిక్కయిన కాలంలో అప్పుచేసి ఆటోలు కొన్నవాళ్లు వాళ్లు. డీజిల్ పెరిగినప్పుడు మనిషికి అయిదో పదో పెంచి నెట్టుకొచ్చారు. ఉచిత బస్సు వచ్చాక ఎక్కే మనుషులే తగ్గిపోయారు. ఏడాదికి పన్నెండు వేలు ఇస్తామని ఎన్నికల ముందు వాళ్లకు ఇచ్చిన మాట ఉంది. ఆ మాట నిలబెట్టుకోవడం దయ కాదు, బాకీ. బస్సు పోని తండాలకు ఇప్పటికీ ఆటోయే పోతుంది. మిర్చి ఏరే కాలంలో ట్రాలీ ఆటో నిండా కూలీలను ఎక్కించుకుని తెల్లారకముందే చేలకు చేర్చేది అదే. ఆ కిరాయి రైతు మీదే పడుతుంది గనుక, డీజిల్ పెరిగిన ఏడు ఒక్కో ఆటోలో ఎక్కే తలలూ పెరుగుతాయి. మన రోడ్ల మీద కూలీల ఆటోలు బోల్తాపడ్డ వార్తలు చదివినప్పుడు ఈ లెక్కను కూడా గుర్తుపెట్టుకోవాలి.

మక్కలు అమ్మి, మక్కల పెట్రోలు కొని

డీజిల్ మాట వచ్చింది కాబట్టి మార్కెట్ యార్డు దాకా పోదాం. కేసముద్రం యార్డుకు వడ్లు, మక్కలు, పసుపు వస్తాయి. 2020 మే నుంచి 2021 నవంబరు మధ్య హైదరాబాద్‌లో డీజిల్ 67.82 నుంచి 107.40కి ఎగబాకింది. దాదాపు అరవై శాతం. అదే కాలంలో మక్కల మద్దతు ధర క్వింటాలుకు 1,850 నుంచి 1,870 అయింది. ఇరవై రూపాయలు! దున్నకం, కోత, యార్డుకు చేరవేత అన్నీ డీజిల్ మీదే నడుస్తాయి. బైకు తిరుగుడు తగ్గించుకోవచ్చు గానీ ట్రాక్టరును సగం చెలకలో ఆపలేడు కదా. ఎంపికల గురించి మాట్లాడేటప్పుడు ఎంపికే లేని ఈ మనిషిని మరిచిపోతుంటాం.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. ఆ ఇథనాల్‌కు చెరకుతో పాటు మక్కలూ పెద్ద ముడిసరుకు. రైతు పండించినది బండి ట్యాంకులోకి రావడం మంచి సంగతే, గిట్టుబాటు దక్కితే. కానీ పాత బండ్లలో మైలేజీ కొంత తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ద్విచక్ర వాహనాల్లో మూడు నాలుగు శాతం ఉండొచ్చని అంచనా వేసింది. వందది కొట్టించుకునేవాడికి ఆ మూడు నాలుగు శాతం కూడా దూరమే. ఆ మేరకు బంకులో ధర తగ్గించాలి కదా అని అడగడం న్యాయమే.

ఇక కరెంటు బండి. తెలంగాణలో దీనికి అనుకూలించే సంగతులు కొన్ని ఉన్నాయి. 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు చివరిదాకా విద్యుత్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. మూడు యూనిట్లతో స్కూటరు తొంభై, వంద కిలోమీటర్లు పోతుంది. గృహజ్యోతి పథకం కింద ఉచిత కరెంటు అందుకునే ఇంటికి, వాడకం 200 యూనిట్ల లోపుంటే, ఆ మూడు యూనిట్లూ ఖర్చు లేనివే. పెట్రోలు బండికి అదే దూరం రెండు వందల రూపాయల పని. కాకపోతే వేసవిలో ఫ్యాన్లు, కూలరు తిరుగుతుండగా బండి చార్జింగూ కలిసి 200 దాటితే బిల్లు మొత్తం మీద పడుతుంది. రెండు వందల గీత దగ్గర జాగ్రత్తగా బతికే ఇంట్లో ఇది చిన్న భయం కాదు. 2022లో నిజామాబాద్‌లో బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోవడం, అదే ఏడు సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బైకుల షోరూం మంటల్లో పై లాడ్జిలో ఉన్న ఎనిమిదిమంది బలికావడం జనం ఇంకా మరవలేదు. పైగా బండి మొరాయిస్తే బాగుచేసేవాడు దగ్గర్లో ఉండాలి. ఎక్సెల్ బండికి ప్రతి ఊరి మలుపులో ఒక మెకానిక్ ఉన్నాడు. కరెంటు బండికి అలాంటి మనిషి మండలానికి ఒక్కడున్నా అమ్మకాలు వాటంతట అవే లేస్తాయి. ఐటీఐల్లో ఆ పని నేర్పించడానికి పెట్టే ఖర్చు, రాయితీల ఖర్చు ముందు ఏపాటిది?

చివరికి మళ్లీ రైలు దగ్గరికే రావాలి. కాజీపేట-విజయవాడ మధ్య 220 కిలోమీటర్ల మూడో లైను 2012-13 బడ్జెట్‌లో మంజూరైంది, కేసముద్రం మీదుగానే పోతోంది. ఆ లైను వల్ల దొరికే ఖాళీని గూడ్సు బండ్లకూ దూరప్రయాణాల రైళ్లకూ రాసివ్వక ముందే వరంగల్-డోర్నకల్ మధ్య పొద్దున రెండు, సాయంత్రం రెండు మెమూలు అడగాలి. యార్డు తెరిచే వేళకు ఒకటి, కాలేజీలకూ ఎంజీఎం ఓపీకీ అందేలా ఒకటి. స్టేషను దగ్గర దిగినవాళ్లను ఊళ్లకు చేర్చే పని ఆటోవాళ్లకు దక్కేలా బస్సుల వేళలూ రైళ్ల వేళలూ కలిపి వేయాలి. ఈ ప్రాంతపు ఎంపీ, ఎమ్మెల్యేలు దక్షిణ మధ్య రైల్వే జీఎం ముందు పెట్టాల్సిన కాగితం ఇది. టైంటేబుల్ ఖాయమయ్యాక కాదు, ఇప్పుడే.